ఉంగరం నడుమ నూలుపోగు

"గుమ్మడి ముక్కలు అంత లావా? ఎద్దులకు దాణా కలుపుతున్నావా ఏమే, నోఖాయా?" అంది అత్త.

నోఖాయ అంటే ఇంటిపిల్ల అని. పెళ్లినాడు అత్తింటివాళ్లు నాకు పెట్టిన పేరు. మామ సంవత్సరీకానికి ఎద్దును కోశారు, ఊరంతా వచ్చింది. నుదుటిదాకా తలగుడ్డ లాక్కుని ముక్కలు చిన్నవి చేస్తున్నాను. చీకటి పడి కాసేపే అయింది. అప్పుడు ఒళ్లోని ఫోను గుర్రుమంది.

కరూ ఎడారి కొండమీద దూరదర్శిని నడిపే డిర్క్ సందేశం. "నువ్విచ్చిన కోణంలో పక్క నక్షత్రం అడ్డొస్తోంది. చీలికను ఎటు తిప్పను? మబ్బు వస్తోంది, త్వరగా చెప్పు."

నేను పరిశోధించే గెలాక్సీ మామూలుది కాదు. నడుమ గుడ్డు సొనలా ముసలి నక్షత్రాల ముద్ద. చుట్టూ వట్టి చీకటి. ఆ చీకటికి అవతల, దేనికీ అంటకుండా, నిన్నగాక మొన్న పుట్టిన నక్షత్రాల నీలి ఉంగరం. రెండూ ఒక తల్లి బిడ్డలేనా, ఉంగరం ఎక్కడినుంచో వచ్చి చేరిందా అన్నది ఈ శాస్త్రంలో పెద్దల తగువు. ఆ చీకట్లో నూలుపోగంత వెలుగు రెంటినీ కలుపుతోందని పాత ఫొటోల్లో కనిపెట్టింది నేను. దూరదర్శినిలోని సన్నని చీలిక గుండా ఆ కాంతిని రానిచ్చి రంగులుగా విడదీస్తే, ఎందులో ఏముందో తెలిసి ఆ తగువు తేలిపోతుంది. ఈ అవకాశం పోతే మళ్లీ ఏడాదికే.

సందేశం ఎలా దూరిందో దూరింది, నా జవాబు మాత్రం పోవడం లేదు. ఫోనుకు సిగ్నల్ సరిగ్గా అందేది పశువుల దొడ్డి గేటు దగ్గరే. దొడ్డికీ పెద్దింటికీ మధ్య ముంగిట్లో కోడలు కాలు పెట్టకూడదు. అక్కడ మగవాళ్లు జొన్న బీరు తాగుతున్నారు. ఇళ్ల వెనకనుంచి తిరిగి వెళ్లి, గోడ చాటునుంచి మా ఆయన లుంగీసాకు సైగ చేశాను.

"సొననీ పోగునీ వదలొద్దని చెప్పు. కోణం కొద్దిగా..."

"అవన్నీ నాకు నోరు తిరగవు. కేప్‌టౌన్‌లో నువ్వు చుక్కల చదువు చదివిన డాక్టరువే, కాదనను. ఇక్కడ మా అమ్మ ముందు నా పరువు తియ్యకు. ఫోను ఇటివ్వు."

కాసేపటికి మీసాల నురగ తుడుచుకుంటూ వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు. "పంపేశా. 'నీ ఇష్టం, నీకేది బాగుంటే అది చెయ్యి' అని. మర్యాదగా ఉంది కదా?"

"మేలు చేశావు" అన్నాను.

అన్నది నేనే. నవ్వుతూ అన్నాను. వంటచోటికి వచ్చి ఫోను చూస్తే, నా పేరు కింద ఆయన మాటలు. వాటి కింద డిర్క్ జవాబు: "సరే, ఉంగరంలో బాగా మెరిసే చోట పెడతాను." అంటే సొన పోయింది, పోగూ పోయింది. నా పని నాకే తెలియదని డిర్క్ అనుకుని ఉంటాడు. నలుగురిలో తలగుడ్డ జారినంత సిగ్గేసింది. అంతకన్నా సిగ్గు, మేలు చేశావన్నందుకు. ఇంకా పెద్ద సిగ్గు, ఇంత జరిగాకా నా చెయ్యి మళ్లీ కత్తి అందుకుని గుమ్మడికాయ తరుగుతోంది. ఎవరూ తరగమనలేదు.

కత్తి పక్కన పెట్టాను. ముంగిట్లోకి నడిచాను.

"తాగింది నేనా, ఆ పిల్లా?" అన్నాడో ముసలాయన. ఎవరో కిసుక్కున నవ్వారు.

"నోఖాయా! కళ్లు పోయాయా? వెనకనుంచి రావే!" వెనకాల అత్త కేక.

లుంగీసా లేచాడు. "వెళ్లు. లోపలికి వెళ్లు" అన్నాడు పళ్లబిగువున. చెవులు కాలిపోతున్నాయి. తల ఎత్తలేకపోయాను. నేల చూస్తూనే దొడ్డి దాకా నడిచి, గేటు పట్టుకుని డిర్క్‌కు ఫోను కలిపాను.

"చెప్పు. మొదలుపెట్టబోతున్నా" అన్నాడు డిర్క్.

"ఆగు. ఇందాక రాసింది నేను కాదు, మా ఆయన" అన్నాను, ముంగిలంతా వినేలా. "నేను చెబుతున్నాను, రాసుకో."