ఒకే తీరు కప్పులు

బిడ్డ సుజితకు టీచరు కొలువొచ్చిందన్న సంబరంలో, సువార్తమ్మ చంద్రమతిని గోదావరిఖని చౌరస్తాలోని కొత్త కాఫీ షాపుకు తీసుకొచ్చింది. సువార్తమ్మ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. తెనాలి వైపు నుంచి వచ్చిన గని మేనేజరు భార్య చంద్రమతి. ఆమె రెండు కాన్పులూ సువార్తమ్మ చేతుల మీదుగానే అయ్యాయి.

కౌంటర్లో ఉన్న దీప ఓపికగా చెప్పింది. "ఎస్‌ప్రెస్సో అంటే చిక్కటి డికాక్షన్, ఆంటీ. అండ్ల వేడినీళ్లు పోస్తే అమెరికానో. పాలు ఎక్కువైతే లాటే. పాలు తగ్గి నురుగు ఎక్కువైతే కాపుచినో."

"ఒక్క డికాక్షన్‌కి ఇన్ని వేషాలా?" చంద్రమతి మూతి తిప్పింది. "నీళ్లు కలిపినదానికీ ఒక పేరు! సరే, ఆ పాలదేదో నాకివ్వు."

సువార్తమ్మ కాపుచినో చెప్పింది. పక్క బల్ల దగ్గర బొగ్గు గనిలో షిఫ్టు దిగి వచ్చిన కుర్రాళ్లు కూర్చున్నారు. "మొహాన మసి పోలేదు, వీళ్లకూ కాఫీ షాపులే!" అంది చంద్రమతి. సువార్తమ్మ భర్త తీతు బతికినన్నాళ్లూ ఆ మసితోనే ఇంటికొచ్చాడు. ఆమెకు చివుక్కుమంది. సంతోషంగా వచ్చిన రోజు కదా అని ఊరుకుంది.

కప్పులొచ్చాయి. సువార్తమ్మ తన ముందున్నది చేతిలోకి తీసుకుని చూసింది. "నురుగు లేదు. ఇది మీదమ్మా. నేనింక తాగలే" అంటూ ముందుకు జరిపింది.

చంద్రమతి చెయ్యి వెనక్కి లాక్కుంది. "అమ్మాయ్, నాకు వేరేది కాగితం గ్లాసులో పోసివ్వు. ఈ కప్పుల్లో ఎవరెవరు తాగుతారో!"

చంద్రమతి ఇంటి వెనక కిటికీలో బోర్లించి ఉండే స్టీలు గ్లాసు సువార్తమ్మ కళ్లముందు మెదిలింది. తాగిన ప్రతిసారీ దాన్ని తనే కడిగి పెట్టేది.

"మీ ఇంట్ల నాకు గ్లాసు వేరు. ఈడ మీకు వేరా?"

"అది మా అత్తగారి పద్ధతి, నాది కాదు."

"ఆమె పోయి ఎన్నేండ్లాయె! ఆ గ్లాసు ఇంకా ఆణ్నే ఎందుకున్నది?"

"నిన్నెప్పుడైనా తక్కువ చేశానా? వంటింటి గుమ్మం దాకా రానిచ్చాను కదా!"

ఆ మాట ఎంత నీచంగా ఉందో కూడా ఆమెకు తెలియడం లేదు. ఇన్నాళ్లూ ఈ మనిషినా పెద్దమనిషి అనుకున్నది అని సువార్తమ్మకు రోత పుట్టింది. చంద్రమతి ముందున్న తన కాపుచినో కప్పు ఇటు లాక్కుని, తొందరేమీ పడకుండా చివరి చుక్కదాకా తాగి, లేచి ఆటో ఎక్కింది. వస్తారా అని చంద్రమతిని అడగలేదు.

మర్నాడు చంద్రమతి ఫోన్ చేసింది. "ఇంత చిన్నదానికి కోపమా, సువార్తమ్మా?"

"కోపమైతే రేపో మాపో పోతది. నాకు మీరంటే చులకనైంది. ఇగ రాను."

అన్నట్టే, మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.