అట్టపెట్టెలో వచ్చిన తీరిక

“ఇంకేం, ఈ పూట కూడా నీకు పని లేనట్టేగా!” అన్నాడు చైతన్యకృష్ణ, అట్టపెట్టెకు అంటించిన టేపును కత్తెరతో కోస్తూ.

నేను అప్పుడే ల్యాబు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. భుజాన బ్యాగు ఇంకా దించలేదు. మా ఇంట్లో సోమ, గురువారాల్లో సాయంత్రం ఇదొక ముచ్చట. విజయవాడ నుంచి ఆ పెట్టె వస్తుంది. ఆయన దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి తెరుస్తాడు. లోపలివన్నీ తీసి వరసగా పేరుస్తాడు. ఈ పూట గుత్తి వంకాయ. నాలుగు పక్షాలుగా చీరి, నల్లబడకుండా కవర్లో కట్టిన వంకాయలు. కూరడానికి పొడి. చింతపండు గుజ్జు. చిన్న సీసాలో నూనె. మా అమ్మాయి భానుశ్రీ కరివేపాకు కవరు తెరిచి రెబ్బలు కాదు, ఆకులు లెక్కపెట్టింది. పదకొండు. అన్నిటికీ పైన రంగుల కార్డు. దాని మీద కూర బొమ్మ, వండే పద్ధతి, చివర “ముప్పై నిమిషాలు, నలుగురికి సరిపడా” అని. ఆయన ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టి, టీవీ ముందుకు వెళ్తాడు. ఆ తర్వాత, ఆయన లేదన్న పని నేను మొదలుపెడతాను.

ఇది నా పుట్టినరోజు కానుక. రెండు నెలల కిందట, “రమ్యకు వంటింటి నుంచి విముక్తి” అని రాసి మొదటి పెట్టె ఫొటో పెట్టాడు. ఆయన చిన్నాన్న కొడుకు, “వదిన అదృష్టవంతురాలు” అన్నాడు. పొన్నూరులో ఉండే మా ఆడపడుచు అనూష, “నాకూ ఇలాంటి మొగుడుంటే బాగుండు” అని నవ్వు బొమ్మలు నాలుగు పెట్టింది. నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను. అబద్ధమేమీ కాదు. ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది.

ఉన్న మంచి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ పెట్టె నాకు చేసిన పెద్ద మేలు తరగడం, తొక్కలు తీయడం తప్పించడం కాదు. “రేపేం వండాలి” అన్న ప్రశ్నను వారంలో రెండు రోజులు నా తలలోంచి తీసేసింది. పదహారేళ్లుగా అది నాతోనే తిరుగుతోంది. పళ్లు తోముకుంటుంటే వస్తుంది. స్కూటీ మీద సిగ్నల్ దగ్గర ఆగితే వస్తుంది. ల్యాబులో మిరప పొడి రసం యంత్రంలో పోసి, తెర మీద గీత లేచేదాకా చూస్తూ కూర్చుంటే ఆ గీత పక్కనే వచ్చి నిలబడుతుంది. నిన్న దొండకాయ, మొన్న పప్పు, అత్తయ్యకి చిక్కుడు పడదు, పిల్ల బీరకాయ తినదు. ఇంట్లో ఎవరినైనా అడిగితే, “ఏదో ఒకటి చెయ్యి” అంటారు. ఏదో ఒకటి చేస్తే, “ఇదా?” అంటారు. ఆ రెండు మాటల మధ్య నా వయసు ఇరవై నాలుగు నుంచి నలభైకి వచ్చింది.

మొదటి వారం మిగిలిన ఇరవై నిమిషాలతో ఏం చేయాలో తోచలేదు. పెరటి మెట్టు మీద కూర్చుని టీ తాగాను. గ్లాసు అడుగు దాకా వేడిగానే ఉంది. గోళ్లలో వెల్లుల్లి వాసన లేదు. పక్కింటి వాళ్లు మేడ మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలికి వచ్చి ముక్కులో తగిలి తుమ్మాను. తుమ్మినందుకు కూడా ఎందుకో హాయిగా అనిపించింది.

ఇక లోటు. ఒక్క కూరకి పంతొమ్మిది కవర్లు. అవి ఏరి, కడిగి, ఆరబెట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వడం కొత్త పని. పెట్టెలో అన్నం ఉండదు, పొద్దున టిఫిను ఉండదు, పిల్ల క్యారేజీ ఉండదు, వడ్డన ఉండదు, గిన్నెలు ఉండవు. అన్నిటికంటే ఆ “నలుగురికి సరిపడా” ఉంది చూశారూ, అది రాసినవాళ్లెవరో మా వైపు మనుషులు అన్నం తినడం చూసి ఉండరు. ముందు నేనైతే ఒక బంగాళాదుంప ఎక్కువ కోసేదాన్ని, కాస్త పులుసు పెంచేదాన్ని. ఇప్పుడంతా కొలత. చైతన్యకృష్ణ రెండోసారి వేయించుకుంటే నాలుగో మనిషికి ఉండదు. నాలుగో మనిషిని నేను. రెండు నెలల్లో ఎన్నిసార్లు గోంగూర పచ్చడితో లేచానో ఎవరికీ తెలియదు. నేను కంచం పెట్టుకునే వేళకి మిగతా ముగ్గురి చేతులూ కడిగి ఉంటాయి గదా.

దీనికి తోడు కారం గొడవ.

మా అత్తయ్య పున్నమ్మగారిది పర్చూరు పక్క ఊరు. మామయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఏటా వేసవిలో ఆమె తన పొలం కాయలు తెప్పించి, తొడిమలు ఒలిపించి, మిల్లు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని మరీ కారం పట్టిస్తారు. ఏడాదికి సరిపడా జాడీలో పెడతారు. మొదటి పెట్టెలోంచి కారం పొట్లం తీసి చూసి, వేలికి అద్దుకుని కూడా చూడకుండానే తేల్చేశారు.

“ఇది కారమంటే ఎవరు నమ్ముతారమ్మాయ్? వట్టి ఎర్రరంగు. మన చేలో కాసిన కాయకి లేని ఘాటు వీళ్ల పొట్లంలో ఉంటదా?”

నేను కూర మూత పెట్టి ఇటు తిరగ్గానే జాడీలోంచి ఒక చెంచా తీసి అందులో వేసేశారు. ఆ రాత్రి భానుశ్రీ చెంబుడు నీళ్లు తాగింది. చైతన్యకృష్ణ చెమటలు తుడుచుకుంటూ, “కొలిచి పంపిస్తున్నారు కదా రమ్యా, అయినా నీకు కుదరకపోతే ఎలా?” అన్నాడు. అత్తయ్య మజ్జిగ కలుపుకుంటూ నా వైపు చూడలేదు.

మర్నాడు మిగిలిన పొట్లం, జాడీలోంచి కాస్త కారం ల్యాబుకి తీసుకెళ్లాను. విదేశాలకు పోయే మిరప పొడి ఘాటు కొలవడమే నా ఉద్యోగం. నా పక్క బల్ల ఇమాం హుస్సేన్‌ది. మా ఇంటి కారం, పొట్లం కారం రెండూ పరీక్ష చేసి నవ్వాడు. “మేడం, ఇది మన మిర్చి యార్డులో దొరికే తేజ రకం కాయే. మీ జాడీ కారం కంటే ఇంచుమించు రెట్టింపు ఘాటు. మీ అత్తగారికి చెప్పండి, కంపెనీవాడు మోసం చేయలేదని!”

ఇంటికి వచ్చి చెప్పాను. “ఆ మిషన్లకేం తెలుసు ఘాటు, నాలుకుంటే గదా,” అన్నారామె. “మా అమ్మ అరవై ఏళ్లుగా కారం పట్టిస్తుంది, నువ్వామెకి చెప్తావా?” అన్నాడాయన. నేను ఇచ్చిన అంకె చూసి ఓడరేవులో కంటెయినరు ఆపుతారు. మా వంటింట్లో ఒక్క చెంచా ఆగలేదు. ప్రతి సోమవారం, ప్రతి గురువారం ఆ చెంచా పడుతూనే ఉంది, ఆ మాట నేను పడుతూనే ఉన్నాను.

అంకె నాదే కానీ, దాని కింద సంతకం నాది కాదు. అది చెప్పాలి. సంతకం హక్కు రావాలంటే చెన్నైలో మూడు వారాల శిక్షణకి వెళ్లి రావాలి. ఐదేళ్ల కిందట నా పేరే రాశారు. అప్పుడు అత్తయ్యకి మోకాలి ఆపరేషన్. “ఇంట్లో వంటకి ఇబ్బందవుతుంది గదా” అని నేనే వద్దన్నాను. నా బదులు ఇమాం హుస్సేన్ వెళ్లాడు. ఆ యంత్రం మీద చెయ్యి పెట్టడం అతనికి నేర్పింది నేను. ఇప్పుడు నా రిపోర్టుల మీద అతను సంతకం పెడతాడు. మంచివాడు. సంతకం పెట్టిన ప్రతిసారీ కాగితం నా వైపు తిప్పి ఒకసారి చూపిస్తాడు. ఎవరూ చేయమనని ఆ చిన్న మర్యాద లేకపోతే ఈ ఐదేళ్లు ఎలా గడిచేవో.

ఆ గురువారం మధ్యాహ్నం మా మేనేజరు శివనాగరాజు గారు పిలిచారు. “మళ్లీ ఒక సీటు వచ్చిందమ్మా. ఫోన్లో ఫారం పంపాను. రేపు పదింటికల్లా నింపాలి. ముందు ఇంట్లో అడుగు,” అన్నారు. బయటికి వస్తుంటే ఇమాం హుస్సేన్ గొంతు తగ్గించి, “ఈసారి వదలొద్దు మేడం. నాకే సిగ్గుగా ఉంటోంది,” అన్నాడు. ఐదేళ్ల కిందట అతన్ని ఇంట్లో అడిగి రమ్మని ఎవరూ చెప్పలేదని నాకు గుర్తొచ్చింది. అతనికీ గుర్తొచ్చినట్టుంది, తల దించుకున్నాడు.

అందుకే ఆ సాయంత్రం “నీకు పని లేనట్టేగా” అన్న మాట వినగానే, బ్యాగు దించకుండానే చెప్పేశాను.

“ఏమండీ, చెన్నై శిక్షణకి మళ్లీ నా పేరు వచ్చింది. మూడు వారాలు. వచ్చే సోమవారం నుంచి.”

ఆయన వంకాయల కవరు బల్ల మీద సర్దుతూ, “వెళ్లు. నేనెప్పుడన్నా వద్దన్నానా?” అన్నాడు. అంతలోనే, “కాకపోతే ఇంట్లో వంట సంగతేంటో చూసుకో,” అన్నాడు.

“పెట్టె వస్తుందిగా. రోజూ వచ్చేట్టు పెట్టుకుందాం.”

“పెట్టె వస్తే సరిపోద్దా రమ్యా? వచ్చిందాన్ని ఎవరో ఒకళ్లు వండాలిగా!”

ఎంత మామూలుగా అన్నాడో. కోపం లేదు, వెటకారం లేదు. రెండు నెలలుగా నేను నిరూపించలేక ఊరుకున్న సంగతిని తన నోటితోనే చెప్పి, కరివేపాకు కవరు అందుకున్నాడు. ఫొటో తీయడానికి ఫోను కూడా పైకెత్తాడు. పని ఉన్న సంగతి ఈయనకు మొదటి నుంచీ తెలుసు. అది నాది కాబట్టి లేనట్టు కనిపించింది, అంతే. నాకు ఏడుపు రాలేదు. చిక్కు లెక్క తేలినప్పుడు ఉంటుందే, అలాంటి తేట వచ్చింది.

నేను నోరు విప్పేలోపు గోడ వారగా కుర్చీలో కూర్చున్న అత్తయ్య కదిలారు.

“ఏరా, ఆ అట్ట మీద ఏం రాసుంది?”

“ఎలా వండాలో రాసుందమ్మా.”

“తెలుగేనా?”

“తెలుగే.”

“మరి నీకు చదవటం వచ్చుగా? పొగాకు కాల్చే బేరన్ల దగ్గర పొగలో నుంచుని నిన్ను బీకాం చదివించింది దేనికిరా?”

“అమ్మా, చదవడం వేరు, వండటం వేరు...”

“నాకు రాదురా చదవటం!” ఆమె గొంతు ఇల్లంతా వినిపించింది. “రెణ్ణెల్ల నుంచి వారానికి రెండుసార్లు నాకు తెలియని కాగితం ఒకటి వంటింట్లోకి వస్తుంది. ఈ అమ్మాయి దాన్ని చూసి వండుద్ది. ఇంతకుముందైతే, అత్తయ్యా పులుపు చాలిందా అని అడిగేది. ఇప్పుడు కాగితాన్ని అడుగుద్ది. నేనేం చెయ్యాలి? ఆ కారం చెంచా ఒక్కటే మిగిలింది నా చేతిలో. అదే వేశా. ఎక్కువైందని నాకు తెలవకనా?”

భానుశ్రీ నన్ను చూసింది. ఆ పెట్టె లోటుపాట్లన్నీ రాయమంటే నేను రెండు పేజీలు రాసేదాన్ని. ఈ లోటు మాత్రం నాకు తట్టేది కాదు. అరవై ఏళ్లు ఆమెకు ఉన్న ఒకే ఒక్క కుర్చీ వంటింట్లో ఉండేది. నా మీద పెత్తనం కూడా ఆ కుర్చీలోంచే చేశారు, నిజమే. కానీ దాన్ని లాగేసినప్పుడు మా ఇద్దరిలో ఎవరినీ ఎవరూ అడగలేదు. ఒకరికి పని తగ్గిస్తున్నామన్నారు. రెండోవారికి పని లేకుండా చేశారు. ఆయన చేసే పని మాత్రం పెరగలేదు, తగ్గలేదు.

“లే,” అన్నారు అత్తయ్య కొడుకుతో. “నువ్వు ఆ అట్ట చదువు. నేను స్టూలు మీద కూర్చుని చెప్తా. అది తప్పు రాస్తే నేను దిద్దుతా.”

“ఇవాళేనా?”

“కోసిన వంకాయ నీకోసం ఆగుద్దా?”

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు పదహారేళ్లుగా తెలుసు. దాన్ని చూడగానే నా కాళ్లు వాటంతటవే వంటింటి వైపు తిరుగుతాయి. ఆ రోజూ తిరిగాయి. కుడి చెయ్యి చీర కొంగు దోపుకోవడానికి వెళ్లింది కూడా. చేతిని వెనక్కి తెచ్చుకుని బ్యాగు దించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అంత చిన్న పనికి అంత బలం కావాలని నాకు తెలియదు.

లోపలి నుంచి ఒకటే గోల. “స్టవ్ తగ్గించరా, కొంప అంటిస్తావా!” “మూకుడెక్కడ రమ్యా?” “కింద అరలో నాన్నా,” అని నా బదులు భానుశ్రీ. “నూనె కాగలేదు, ఏందా తొందర?” “ఇందులో సన్నని సెగ మీద అని ఉందమ్మా.” “ఉంటే ఉంది, అదైనా తెలిసి రాసినట్టుందిలే.” అత్తయ్య నవ్వు. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో.

నేను ఫోను తీసి ఫారం తెరిచాను. పేరు. చదువు. అనుభవం, పదిహేనేళ్లు. చేయగలిగిన పరీక్షలు అన్నచోట గడి చాలలేదు. మూడు వారాలు వీళ్లు మాడిన కూర తినొచ్చు, మజ్జిగన్నంతో సరిపెట్టుకోవచ్చు. పిల్ల క్యారేజీలో ఒకరోజు ఉప్పు మర్చిపోవచ్చు. ఏమీ కాదు. ఐదేళ్ల కిందట కూడా ఏమీ అయ్యేది కాదు. పంపించు అన్నచోట వేలు పెట్టాను. “చేరింది” అని వచ్చింది.

కాసేపటికి చైతన్యకృష్ణ బయటికి వచ్చాడు. చొక్కా మీద పసుపు మరక, నుదుట చెమట, చేతిలో నూనె అంటిన కార్డు. కూర ఉడుకుతున్న వాసన ఆయన వెనకే వచ్చింది. కొంచెం మాడింది కానీ తినొచ్చు. నా చేతిలో ఫోను చూసి అర్థమైనట్టుంది.

“పంపేశావా?”

“పంపేశాను.”

కుర్చీలో కూలబడి కార్డుతో విసురుకుంటూ, ధైర్యం చెప్పమన్నట్టు అడిగాడు. “మూడు వారాలేగా?”

“చెన్నై మూడు వారాలేనండీ,” అన్నాను. “వంట మీరు ఇవాళే మొదలుపెట్టారు. ఆపమని నేనెందుకంటాను?”