నిధులు, ప్రచురణ, శిక్షణ

నోలీన్ టాస్కర్ ‘శిక్షణ’ అన్న శీర్షిక కింద మరో ప్రకటన చేర్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చల్లారిన టీలో అల్లం బిస్కెట్ ముంచింది. బిస్కెట్ విరిగి అడుక్కి పోయింది. చెంచాతో దేవుతూ కూర్చుంది. బయట వెల్లింగ్టన్ నగరపు చలిగాలి, దక్షిణపు గాలి, కిటికీని తోస్తూనే ఉంది. సందులో ఆమె దోపిన అట్టముక్క కొంచెం కొంచెంగా ఊడి వస్తోంది.

గురువారం వస్తే ఆమెకు ఇదే పని. నేరాల గురించీ, కోర్టుల గురించీ, జైళ్ల గురించీ పరిశోధించేవాళ్ల సంఘం అది. అందులో జీతం తీసుకునే మనిషి ఆమె ఒక్కతే. పరిశోధనకు ఎవరు డబ్బిస్తున్నారు, ఏ పత్రిక వ్యాసాలు అడుగుతోంది, ప్రొబేషన్ ఆఫీసర్లకు ఎక్కడ తరగతులు పెడుతున్నారు, ఇవన్నీ ఏరి, మూడు శీర్షికల కింద సర్ది, సాయంత్రానికి సభ్యులందరికీ పంపుతుంది. వాళ్లలో ఎవరు చదువుతారో ఆమెకు తెలియదు. ఒక సభలో ఓ ప్రొఫెసర్ ఆమె చేతిలో కాఫీ కప్పు పెడుతూ, “ఆ ప్రకటనలు పంపే మెషిన్ భలే పనిచేస్తుందండీ” అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పింది. తర్వాత బస్సులో ఇంటికెళ్తూ, ఎందుకు చెప్పానా అనుకుంది.

పొట్టి మనిషి. చీలమండలు సాయంత్రానికి ఉబ్బి బూట్ల అంచుల మీదికి పొంగుతాయి. ఊదారంగు స్వెటర్ మోచేతుల దగ్గర పలచబడి చర్మం కనిపిస్తోంది. తాను పంపే ప్రకటనల్లో సగం మాటలు ఆమెకు అర్థం కావు. ‘పునర్నేర ప్రవృత్తి’ అంటే ఏమిటని మొగుణ్ణి ఒకసారి అడిగింది. మెర్విన్ ఊరవతల లోయలోని జైల్లో వార్డరుగా పనిచేసి రిటైరయ్యాడు. పేపరు మీంచి తలెత్తకుండానే, “మళ్లీ వస్తారని,” అన్నాడు. ఆ వారానికి అతను ఆడిన పెద్ద మాట అదే కావచ్చు.

తలుపు తెరుచుకుంది. బల్ల మీది కాగితాలు లేచాయి.

“రావచ్చా ఆంటీ?”

“వచ్చేశావుగా. ముందా తలుపెయ్యి.”

గుమ్మమంత మనిషి. నలభై ఉంటాయేమో. అప్పుడే కొన్న చొక్కా, ప్యాకెట్ మడతలు ఇంకా పోలేదు. చలికాలంలో కాళ్లకు రబ్బరు చెప్పులు. మెడ మీది పచ్చబొట్టు కాలరు లోంచి చెవి దాకా పాకింది. నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని జేబులోంచి తీసి, బల్ల మీద అరచేత్తో చదును చేశాడు.

“నా పేరు టవిటా లియోటా. ఇది మీరు వేసిందేనా?”

ఆమె వేసిందే. లైబ్రరీలో ఎవరో ప్రింటు తీసి గోడకు అంటించారట. న్యాయవ్యవస్థలో ప్రత్యక్ష అనుభవం ఉన్నవారికి పరిశోధన నిధి, దానితో పాటు శిక్షణ. దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు.

“ప్రత్యక్ష అనుభవం కావాలన్నారు. నాకు తొమ్మిదేళ్లుంది. మధ్యలో ఒక్క రోజు సెలవు కూడా పెట్టలేదు.”

నవ్వాలో వద్దో నోలీన్‌కు తెలియలేదు. అతను నవ్వాక నవ్వింది.

“అది లాయర్లకీ, ఆఫీసర్లకీ అనుకుంటా నాయనా.”

“అలా రాయలేదుగా ఆంటీ.”

కళ్లద్దాలు దించుకుని చదివింది. నిజమే, అలా రాయలేదు. పోయిన వారం తన చేత్తో చేర్చిన ప్రకటన ఇప్పుడెవరిదో అన్నట్టు ఉంది.

“శిక్ష అయిపోయింది,” అన్నాడు టవిటా మెల్లగా. “ఇక శిక్షణేదైనా దొరుకుతుందేమోనని.”

సంఘం డైరెక్టరు ఫిలిపా అప్పుడు విమానాశ్రయంలో ఉంది. నోలీన్ ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“నిజానికి దాన్ని అలాంటివాళ్ల కోసమే పెట్టారు నోలీన్. కానీ అలాంటివాళ్లు నిజంగా వచ్చి అడుగుతారని ఎవరూ అనుకోలేదు. ఐనా ఏదో ఒక సంస్థ పూచీ ఉండాలి కదా? ఇప్పటికిప్పుడు ఎవరిస్తారు? వచ్చే ఏడాది చూద్దామని మర్యాదగా చెప్పి పంపేయండి. మా విమానానికి పిలుస్తున్నారు.”

నోలీన్ ఫోన్ పెట్టేసి, మర్యాదగా ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించింది. టవిటా చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆస్పత్రిలో తన వంతు కోసం చూసేవాడిలా కూర్చున్నాడు.

“ఇంతకీ దేని మీద చేస్తావు పరిశోధన?” అని అడిగింది. అడగాలనుకున్నది అది కాదు.

“శనివారం బస్సు మీద.”

“ఏం బస్సు?”

“మమ్మల్ని చూడ్డానికొచ్చేవాళ్ల కోసం రైల్వే స్టేషన్ నించి జైలుదాకా ఒక బస్సుండేది ఆంటీ. ఆపేశారు. ఆ తర్వాత మా బ్లాకులో ఎప్పుడూ లేనన్ని కొట్లాటలు. అంతకుముందు నోరెత్తనివాడు కూడా తలుపులు గుద్దేవాడు. మా అమ్మ చర్చి వ్యాన్ దొరికినప్పుడు వచ్చేది. చేమదుంపలాంటి టారో వండి తెచ్చేది. లోపలికి తేనివ్వరని తెలుసు, ఐనా తెచ్చేది. బయట కార్లాగేచోట కూర్చుని తనే తినేసి, ఖాళీ డబ్బాతో లోపలికొచ్చి, ‘ఇవాళ బాగా కుదిరిందిరా’ అనేది.” అతను మెడ రుద్దుకున్నాడు. “బస్సు ఆగాక ఎవరి మనుషులు రావడం మానేశారు, వాళ్లేమయ్యారు, ఎవరూ అడగలేదు. నేనడిగితే చెబుతారు. మీ ప్రొఫెసర్లు అడిగితే బాగానే ఉన్నాం అంటారు.”

నోలీన్ కంప్యూటర్ వైపు తిరిగింది. తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా, ఆ పని ఎందుకు చేసిందో ఆమెకు తేలలేదు. జాలి కాదు. ధైర్యం అంతకన్నా కాదు. అతను చెబుతుంటే టైపు చేసింది. మధ్యలో లేచి కింది బేకరీ నుంచి మాంసం కూరి కాల్చిన రెండు పైలు తెచ్చింది. అతను తనది రెండు కొరుకుల్లో ముగించి, తెల్లచొక్కా మీద మరక పడిందేమోనని కంగారుపడ్డాడు. ‘పూచీ ఇచ్చే సంస్థ’ అన్నచోట సంఘం పేరు పెట్టింది. ‘బాధ్యులు’ అన్నచోట తన పేరు రాసింది. అది ఆమెకు లేని అధికారం.

టవిటా తెర మీదికి వంగాడు.

“టాస్కర్? మా బ్లాకులో వార్డరు ఒక టాస్కరుండేవాడు. మీకేమన్నా అవుతాడా?”

“ఏమో,” అంది నోలీన్. “ఎలా ఉండేవాడు?”

“పొడుగ్గా, ఎర్రజుట్టు. నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగేవాడు. పాటగాడు.”

“ఐతే వేరే ఎవరో.”

“తాళాలు వేసే వేళకి పాడేవాడు ఆంటీ. మా పేర్లన్నీ కలిపి పాట కట్టి, ఒక్కో గది ముందు ఒక్కో పేరు. కొత్తవాడొస్తే వాడి పేరు ఇరికించేవాడు. లియోటా, హోపా, చిన్న బ్రౌనూ, పెద్ద బ్రౌనూ...” అతను బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ రెండు చరణాలు పాడాడు. “గొంతు మాత్రం చండాలం. ‘ఆపవయ్యా బాబూ, శిక్షలో ఇది లేదు’ అని అరిచేవాళ్లం. ఐతే పాడని రోజు ఎవరికీ నిద్రపట్టేది కాదు.”

ఎర్రజుట్టు నిజమే. పక్కకి ఒరిగే నడక నిజమే. కానీ నోలీన్‌కు తెలిసిన మెర్విన్ పుట్టినరోజు పాటకు కూడా పెదవి కదిపేవాడు కాదు. డ్యూటీ నుంచొచ్చి, బూట్లు గుమ్మం దగ్గర విడిచి, రేడియోలో వాతావరణం వార్తలు విని పడుకునేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె ముప్పై ఏళ్లుగా గోడగడియారం విన్నది. ఆ మౌనాన్ని జైలే అతనికి అంటించి పంపిందని నమ్మింది. అందుకే అతన్ని క్షమించింది కూడా.

“ఆయన నా భర్త,” అంది.

“అబ్బ!” టవిటా లేచి నిలబడ్డాడు. “నిజమా? ఇంట్లో కూడా అంతేనా?”

“ఆఁ,” అంది నోలీన్. “అంతే.”

దరఖాస్తు పంపింది. దానికి జవాబు వసంతంలో గాని రాలేదు. నిధి ఒక యూనివర్సిటీ వాళ్లకిచ్చి, శిక్షణకు టవిటాను రమ్మన్నారు. నోలీన్ అడక్కుండా పూచీ పెట్టినందుకు ఫిలిపా అప్పుడు కోప్పడింది. ఆ పైనెల సభలో, అది తన ఆలోచనేనన్నట్టు చెప్పుకుంది.

దరఖాస్తు పంపిన ఆ గురువారం సాయంత్రం, ప్రకటనలు కూడా పంపాక నోలీన్ రోజూలాగే బస్సెక్కి న్యూటౌన్ కొండ మీది వృద్ధుల ఆశ్రమానికి వెళ్లింది. మెర్విన్‌కు మతి తప్పి రెండో చలికాలం. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఉన్నారు. ఎర్రజుట్టు ఎప్పుడో పోయి, నెత్తి మీద గుడ్డు పెంకులాంటి నున్నదనం మిగిలింది. మరిసెల్ అనే ఫిలిపీన్స్ నర్సు అతని గడ్డం తుడుస్తూ, “ఇవాళ ఏమీ తిననన్నారండీ,” అంది. తర్వాత పక్కగదిలోకి వెళ్లింది.

నోలీన్ కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుంది. ఎన్నో అడగాలనుకుంటూ వచ్చింది. నాకెందుకు పాడలేదు అని అడగాలా? వాళ్లకెందుకు పాడావు అనా? ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. కోపం వచ్చిందో లేదో కూడా తెలియలేదు.

“మెర్వ్, నువ్వు పాడేవాడివట.”

అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

చుట్టూ చూసి, సిగ్గుపడుతూ, టవిటా పాడిన వరసను గుర్తుచేసుకుంది. “లియోటా, హోపా, చిన్న బ్రౌనూ...” తర్వాతి పేరు గుర్తురాలేదు. ఆగింది. తనకు తోచిన పేరు, “నోలీన్,” అని ఇరికించింది. ఆ చోట తాళం తప్పింది. అతని కళ్లు ఆమె ముఖం దాకా వచ్చి, కాసేపు నిలిచి, మూతపడ్డాయి. విన్నాడో, నిద్రొచ్చిందో.

గ్లాసులో నీళ్లు మార్చడానికి వెళ్లొచ్చేసరికి దుప్పటి కదలడం లేదు. నీళ్లు తొణక్కుండా గ్లాసు బల్ల మీద పెట్టి, మరిసెల్‌ను పిలిచింది. మరిసెల్ మణికట్టు పట్టుకుని చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది. కిటికీ కొద్దిగా తెరిచింది.

తర్వాత అతని చెవిలోంచి వినికిడి మిషన్ తీసి నోలీన్ చేతిలో పెట్టింది. అతను ఆశ్రమంలో చేరాక అక్కడివాళ్లు పెట్టారు దాన్ని. నోలీన్ దాన్నెప్పుడూ ముట్టుకోలేదు. గుప్పిట మూసింది. మూయగానే, ఇంకా ఆన్‌లోనే ఉన్న అది సన్నగా కూసింది. ఎక్కడ నొక్కితే ఆగుతుందో ఆమెకు తెలియలేదు. గోరువెచ్చగా, చిక్కుడు గింజంత ఉన్న ఆ మిషన్ వేళ్ల మధ్య కూస్తూనే ఉంది.