షిరా బయట

పగడపురాతి గోడలు రాత్రంతా ఉప్పు రాలుస్తాయి. పొద్దున్నే ఆ తెల్లటి పొడిని ఊడ్చి ఎత్తడంతో జుహురా పని మొదలవుతుంది. నడుం వంచి, చీపురును నేలకు ఆనించీ ఆనించనట్టు లాగుతుంది. గట్టిగా ఊడిస్తే పొడి లేచి అద్దాల మీద పడుతుంది, మళ్లీ అవీ తుడవాలి. ఈ దీవి మ్యూజియంలో చేరేనాటికి ఆమె జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు వంగినప్పుడల్లా ఎడమ రొమ్ము కింద ఎవరో పిడికిలి బిగించినట్టు ఉంటోంది. గోడకు ఆనుకుని నిలబడుతుంది. పిడికిలి సడలాక మళ్లీ చీపురు.

మొదటి గది పడవలది, తర్వాతది చెక్కుడు తలుపులది. చివరి గదిలో షిరా ఉంది. నాలుగు కర్రల మీద డేరాలా వేలాడే పొడుగాటి గుడ్డ అది. ఒకప్పుడు పెద్దింటి ఆడవాళ్లు వీధిలోకి రావాలంటే దాని లోపల నడిచేవారు. కర్రలు పట్టుకుని బయట నడిచేది బానిసలు. పక్క గోడ మీద అరచేతంత ఫోటో. ఇరుకు సందులో షిరా సాగిపోతోంది. లోపలున్నావిడ ఎవరికీ కనపడదు. ముందు కర్ర పట్టుకున్న పిల్ల ముఖం మాత్రం ఎండకు తేటగా పడింది, చింతగింజంత.

"లోపలున్నది మా అమ్మ" అని జుహురా తల్లి ఊరంతా చెప్పుకుంది. కూతురికీ అదే నేర్పింది. ఆ మాట వల్లే పెళ్లిళ్లలో పెద్దింటి ఆడవాళ్ల చాప మీద, ముందు వరసలో, జుహురాకు చోటు దొరికింది. ఇన్నేళ్లుగా ఆ ఫోటో అద్దాన్ని ఆమె చూపు పక్కకు తిప్పుకునే తుడుస్తోంది.

ఈ ఉదయం అదే ఫోటో మనిషెత్తున పెద్దదై మొంబాసా నుంచి పడవలో దిగింది. కూలీలు తెచ్చి గుమ్మం ఎదుటి గోడకు ఆనించి వెళ్లారు.

"రేపు ఊళ్లో ఆడవాళ్లందరినీ పిలిచానమ్మా. లోపలికి రాగానే కనపడాలి" అన్నాడు అధికారి అథుమాని.

"చివరి గదిలో పెట్టకూడదా బాబూ? ఇక్కడ ఎండకు పాడవుతుందేమో."

"ఎండ ఇక్కడిదాకా ఎక్కడొస్తుందమ్మా" అని నవ్వి, అతను రేవుకు వెళ్లిపోయాడు.

కాపలాదారు బకారి గుమ్మంలో గొంతుక్కూచుని కొబ్బరిపాలలో ఉడికిన కందులు తింటున్నాడు. ఫోటోలో కర్ర పట్టుకున్న పిల్లది, టీ తాగడానికి జుహురా ముసుగు తీసినప్పుడల్లా అతను చూసిన ముఖమే.

"ఏం జుహురక్కా, నీ ఫోటో ఎప్పుడు తీయించుకున్నావు? చెప్పనే లేదు."

"కళ్లు పోయాయా నీకు? మా అమ్మమ్మ లోపలుంది."

"మా అత్తవైపు ముసలమ్మ కూడా లోపలే ఉందట. కాఫీ కొట్టు సలీము వాళ్లదీ అక్కడే. ఊరంతా ఆ గుడ్డలో దూరితే మరి కర్రలు మోసిందెవరక్కా?"

"మీ తాత మోశాడు."

"మోశాడు" అన్నాడు బకారి, రొట్టెతో గిన్నె తుడుస్తూ. "గాడిదకంటే బాగా మోసేవాడట."

నోట్లో ముద్ద పెట్టుకుని అంత తేలిగ్గా ఎలా అనగలిగాడు? తనకు వచ్చింది కోపం కాదని, అసూయ అని కాసేపటికి గాని ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం నమాజుకు బకారి తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. జుహురా చేతిలో తడిగుడ్డ ఉంది. అద్దం లేని ఆ పెద్ద ఫోటోను నాలుగుసార్లు రుద్దితే పిల్ల ముఖం చెరిగిపోతుంది. తేమకు పాడైందంటారు. ఈ ఊళ్లో తేమకు పాడవనిదేముంది గనక.

దగ్గరికి వెళ్లి, తప్పనిసరై చూసింది. పిల్ల కళ్లు ఫోటో తీసేవాడి మీద లేవు. అడుగు తప్పుతుందేమోనన్న భయంతో గుడ్డ అంచున లోపలి పాదాల మీదున్నాయి. కింది పెదవిని ఎడమవైపు పంటితో నొక్కి పట్టింది. జుహురా తన పెదవిని పళ్ల కింద నుంచి వదిలింది. చిన్నప్పుడు ఆ పెదవి మీదే అమ్మ కొట్టేది, "ఆ కొరకడం మానవే" అని. మర్యాద నేర్పుతోందనుకుంది. అమ్మ దేనికి భయపడిందో ఇప్పుడు అర్థమైంది.

తడిగుడ్డ పక్కన పెట్టి, ముసుగు చెంగుతో ఆ ముఖం మీది ధూళి మెల్లగా తుడిచింది.

రొమ్ము కింద పిడికిలి మళ్లీ బిగిసింది. ఊపిరాడక చివరి గదికి నడిచింది. ముసుగు విప్పి షిరా ముందు కర్ర కొసకు తగిలించింది. పడిపోకుండా కర్ర పట్టుకుంది. భుజం ఎత్తున చెక్క అరిగి నున్నగా, కొంచెం గుంటగా ఉంది. ఆమె అరచెయ్యి అందులో కుదురుకుంది. పిడికిలి సడలలేదు. అలాగే మెల్లగా కూర్చుంది.

నమాజు నుంచి వచ్చిన బకారికి, కర్రకు తలానించి కూర్చుని చల్లబడిపోయిన మనిషి కనిపించింది.

పొద్దు గుంకకముందే ఖననం చేశారు. ఆడమనిషిని గోతిలోకి దించేటప్పుడు పరాయి కన్ను పడకుండా పైన గుడ్డ పట్టడం ఆచారం. బకారి ఒక మూల పట్టుకున్నాడు. లోపలున్న జుహురా ఎవరికీ కనపడలేదు.

మర్నాడు ఊరి ఆడవాళ్లు వచ్చారు. ఒకే చాప మీద ఏళ్లతరబడి జుహురా పక్కన కూర్చున్నవాళ్లు పెద్ద ఫోటో ముందు గుంపుకట్టి, గుడ్డ మీదే వేళ్లు పెట్టి చూపించుకున్నారు. మా నానమ్మ, కాదు మా ముత్తవ్వ అనుకున్నారు. కర్ర పట్టుకున్న పిల్ల మీద ఒక్క చూపూ ఆగలేదు. ఎవరైనా ఆ పిల్లను చూసి జుహురా పేరు పలుకుతారేమోనని బకారి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పాపం, జుహురా ఇవాళ ఉండాల్సింది" అంది ఒకావిడ. "వాళ్లమ్మమ్మా లోపలే కదూ, బకారీ?"

బకారి ఫోటో వైపు చూశాడు.

"అవునమ్మా" అన్నాడు. "లోపలే."

చివరి గదిని ఆ పొద్దున ఎవరూ ఊడవలేదు. ముందు కర్ర కొసన నల్ల ముసుగు వేలాడుతోంది, దాని మడతల్లో తెల్లగా ఉప్పు పేరుకుని.