నాటిక కోసం ఒక్క గుక్క

ఆదివారం పూట రేడియోలో వచ్చే హాస్యనాటిక రాసేది బావా బావమరుదులిద్దరూ. బావ మాట విసిరితే బావమరిది దాన్ని కాగితం మీద పెట్టేవాడు. అందుకే స్టేషన్లో అందరూ అతన్ని ‘పెన్ను’ అనేవారు.

వాళ్ళకో పద్ధతుండేది. సాయంత్రం పెన్ను ఉండే మేడగదిలో కిటికీలు మూసి, సీసా మూత తీసి, మొదటి గ్లాసు ఖాళీ అయ్యేదాకా నాటిక ఊసెత్తేవారు కాదు. రెండో గ్లాసుకి పాత్రలు లేచి కూర్చునేవి. మూడో గ్లాసుకి ఇద్దరూ పొట్టలు పట్టుకుని చాపమీద దొర్లేవారు. మర్నాడు గుర్తున్నంత వరకూ రాసుకునేవారు. గుర్తులేనిదే అన్నిటికన్నా గొప్పదని ఇద్దరికీ గట్టి నమ్మకం. పోయిందాన్ని పరీక్షించి చూసే వీలు ఎవరికీ లేదు మరి!

అలా ఉండగా బావకి కాలేయం చెడింది. చుక్క ముట్టినా ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. ఆ మాట విన్న అక్క తిన్నగా తమ్ముడి గదికొచ్చి, కూర్చోకుండానే చెప్పింది.

“ఒరేయ్, ఆయన చెయ్యి నేను పట్టుకుని ఆపగలను. నీ చెయ్యి ఆపలేను. నువ్వు పొయ్యకు, అంతే.”

“నీమీదొట్టు అక్కా,” అన్నాడు పెన్ను. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడు.

బావ మాటమీద నిలబడ్డాడు. సాయంత్రాలు టీ గ్లాసుతో కూర్చునేవాడు. పెన్ను మాత్రం తన సీసా మానలేదు. తాగినకొద్దీ ఏదో ఒకటనేసి, తనే పగలబడి నవ్వి, బావ వంక చూసేవాడు.

“ఇందులో నవ్వడానికేముంది బామ్మర్దీ? పోయినవారం అన్నదేగా?” అనేవాడు బావ టీ ఊదుకుంటూ. ఇంకొకటంటే, “అది జోకు కాదురా, అరుపు,” అని కొట్టేయించి, ఆ చోట చిన్న మాటేదో చెప్పేవాడు. ఆ మాటే బాగుండేది. కానీ తాగినవాడికి అది ఎలా తెలుస్తుంది? పెన్నుకి ఒళ్ళు మండిపోయేది. మందు మానేశాక బావ చప్పబడిపోయాడని స్టేషన్లో ఒకరిద్దరి దగ్గర నోరు జారాడు కూడా.

ఆ రోజుల్లోనే ఏడాదికోసారి వేసే గంట నాటిక నెత్తిమీదికొచ్చింది. ఎన్నిసార్లు కూర్చున్నా పేజీ కదల్లేదు. చివరికి ఒక సాయంత్రం పెన్ను గ్లాసులు రెండు కడిగి పెట్టాడు.

“ఒక్క గుక్క, బావా. నాటిక కోసం.”

“మీ అక్క చంపేస్తుందిరా.”

“అక్కకి చెప్పేదెవరు? నువ్విలా పరీక్షలు దిద్దే మాస్టారిలా కూర్చుంటే నాకు మాట పెగలట్లేదు.”

తనవల్ల బావమరిది రాత ఆగిపోతోందన్నమాట బావకి గుచ్చుకుంది. గ్లాసు వంక చాలాసేపు చూసి, ఎత్తి తాగేశాడు. కాసేపటికి పెన్ను ఏదో అన్నాడు. బావ విరగబడి నవ్వాడు. పెన్నుకి ప్రాణం లేచొచ్చింది.

ఆ నాటిక రికార్డింగులో సౌండు ఇంజనీరు ఆవులిస్తూ కూర్చున్నాడు. అదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఆ గుక్కతో బావకి కట్టు తెగింది. ఆ తర్వాత ఎవరూ పోయాల్సిన పని లేకపోయింది. వానలు మొదలుకాకముందే ఆసుపత్రిలో కన్నుమూశాడు. మొదటి గ్లాసు ఎవరిదని అక్క ఎవరినీ అడగలేదు.

తర్వాత పెన్నుకి సీసా వాసనే గిట్టలేదు. స్టేషన్ వాళ్ళు మాత్రం నాటిక అడుగుతూనే ఉన్నారు. పొద్దున్నే కిటికీలు తెరిచి రాయడం మొదలుపెట్టాడు. రాసిన ప్రతిదాని వెనకా “అది అరుపురా,” అన్న బావ గొంతు వినిపించేది. కొట్టేసేవాడు, మళ్ళీ రాసేవాడు. భార్యకి తెలియకుండా కొత్త చెప్పులు కొని, వాటిని తొడుక్కునే ధైర్యంలేక వట్టికాళ్ళతో తిరిగే మొగుడి కథ ఒకటి అలా తయారైంది. బాగా వచ్చిందని అతనికే తెలిసింది. పట్టలేని సంతోషంతో అక్క దగ్గరికి పరుగెత్తుకెళ్ళి చదివి వినిపించాడు.

అక్క మొదట చేత్తో నోరు మూసుకుంది. తర్వాత ఆపుకోలేక పైకే నవ్వేసింది. ఆమె నవ్వి ఎంతకాలమైందో. కళ్ళు తుడుచుకుని, “ఇది తాగి రాశావా?” అంది.

“లేదక్కా. బావ పోయినప్పట్నుంచీ ముట్టలేదు.”

అక్క అతని చేతిలోని కాగితాలు తీసుకుని, అంచులు సరిచేసి బల్లమీద పెట్టింది.

“తాగకుండానే ఇంత బాగా రాయగలవాడివి, ఆయనకెందుకు పోశావురా?”

ఆమెకి మొదట్నుంచీ తెలుసని అతనికప్పుడు అర్థమైంది. నాటిక కోసమేనని చెబుదామనుకున్నాడు గానీ, ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు. తన మాటలకి బావ నవ్వడం మానేశాడని పోశాడు.