ఇష్టపూర్వకంగా వదిలిన నీళ్లు

“గుంట గుడ్డలు ఉతకొద్దే. ఎండలో ఆరేసి దులిపేయి, సాల్లే” అంది మా అత్త చిన్నమ్మలు.

పెరట్లో నీళ్ల గంగాళానికి అడ్డంగా నిలబడి అంది. నేను అప్పటికే చెంబుతో ముంచిన నీళ్లను మళ్లీ గంగాళంలోనే పోయించింది. నెలల పిల్ల ఉచ్చగుడ్డలు ఉతక్కుండా ఎండబెడితే అట్టల్లా బిరుసెక్కుతాయి. వాటినే మళ్లీ పాప కింద వేసేదాన్ని. దాని తొడలు ఒరుసుకుపోయి ఎర్రగా కమిలాయి. ఎత్తుకున్నా ఏడుపే, దింపినా ఏడుపే.

జర్మనీ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు వచ్చిన కరువు అది. మా ఆయన జగన్నాథరావు పాడేరు కచేరీలో గుమాస్తా. మాది బొబ్బిలి దగ్గర పల్లె. వాళ్ల వంశంలో నాగలి వదిలి కలం పట్టింది ఆయనొక్కరే. ఉద్యోగం వచ్చాక ఘాటీ ఎక్కి ఈ కొండల్లోకి వచ్చాం. వచ్చేముందు అందరూ మన్నెం జ్వరం గురించే భయపెట్టారు. ఇక్కడ నీళ్లకు కరువొస్తుందని ఎవరూ చెప్పలేదు. చుట్టూ కొండలు, అడవులు, నీళ్లకేం తక్కువ అనుకున్నాం. వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాక, పక్కన పారే గెడ్డ ఎండి రాళ్లు తేలాయి. కచేరీ వీధి మొత్తానికీ ఉన్న ఒక్క బావిలో చేద వేస్తే సగం బురదే వచ్చేది.

బావికి తాళం వేయించి, కాపలా పెట్టిస్తానన్నారట తాసిల్దారుగారు. అప్పుడు మా ఆయన లేచి, “బలవంతం ఎందుకండీ? మంచిమాటతో చెబితే మనుషులు ఇష్టపూర్వకంగానే వాడకం తగ్గించుకుంటారు. ముందు మా ఇంట్లోనే మొదలుపెడతాను. వీధి వీధంతా చూసి నేర్చుకుంటుంది” అన్నారట. తాసిల్దారుగారు భుజం తట్టారట. ఈ సంగతంతా ఆయన నాకు చెప్పలేదు. వాళ్లమ్మకు చెబుతుంటే, పిల్లకు పాలిస్తూ గోడ ఇవతలి నుంచి విన్నాను. విని సంతోషించాను కూడా. తాళం కన్నా మంచిమాట నయం కదా అనుకున్నాను. నా మొగుడికి ఇంత మంచి ఆలోచన వచ్చిందని కాస్త గర్వపడ్డాను.

మర్నాటి నుంచి మా ఇంట్లో పొదుపు మొదలైంది. ఆయన స్నానం తగ్గించుకోవడానికి లేదు. కచేరీకి నలుగురి మధ్యకు వెళ్లే మనిషి, చెమట కంపుతో పోతే ఏం బాగుంటుంది? అత్త స్నానం తగ్గించడానికీ లేదు, దీపం పెట్టుకునే పెద్దామె. ఆయన పంచె ఉతక్క తప్పదు. దానికి గంజీ పెట్టక తప్పదు. ఇంక ఇంట్లో మిగిలింది ఎవరు? ముందు నా తలస్నానం పోయింది, తర్వాత ఒంటి స్నానం పోయింది, ఆ తర్వాత పిల్ల గుడ్డల ఉతుకు పోయింది. చివరికి పొదుపు నా గొంతు దాకా వచ్చింది. తాగొద్దని ఎవరూ అనలేదు. అంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్నేమో. మా ఇంట్లో వద్దనే మాట ఎప్పుడూ ఎవరూ అనరు. చెంబు అందుకుంటే, “ఇప్పుడే గదే తాగినావు?” అని అత్త ఆశ్చర్యపడుతుంది. భోజనాలయ్యాక వాళ్లిద్దరూ చేతులు కడుక్కుని లేస్తే, కూజా అడుగున ఏం మిగిలితే అది నాది. కాసిని గంజినీళ్లు తాగుదామనుకుంటే, అవి ఆయన పంచె కోసం ఉంచాలి. పెళపెళలాడే ఆ పంచె కట్టుకుని ఆయన వీధిలో ఇంటింటికీ వెళ్లి నీళ్ల విలువ చెప్పి వచ్చేవారు. “నువ్వు సర్దుకుపోగలవు, నీలవేణీ. నీ మీద భరోసాతోనే ఆ రోజు అంత మాట అనగలిగాను” అన్నారొకసారి. ఆ మాట చెవిన పడ్డాక రెండు పూటలు నాకు దాహమే వెయ్యలేదు. మెప్పుకు అంత మొహం వాచి ఉన్నాను మరి.

గంగాళం మాత్రం నిండుతూ వచ్చింది. రోజూ మిగిల్చిన నీళ్లు అందులో పోసి పైన చెక్క మూసేది అత్త. చూడవచ్చిన వాళ్లకు చెక్క తీసి చూపించేది. “నా కొడుకు సెప్పినాడంటే సెప్పినట్టే” అనేది.

గంగాళం నిండుతుంటే నా పాలు ఎండుతూ వచ్చాయి. పాప రొమ్ము పట్టుకుని లాగి లాగి, ఏమీ రాక మొహం తిప్పుకుని గుక్కపెట్టేది. “మీ వంశంలో ఆడోల్లకి పాలుండవు, ఎరికే నాకు” అంది అత్త. మా అమ్మ నలుగురికి పాలిచ్చి పెంచిందని చెప్పబోతే, “ఎదురు సెప్పకు” అంది. ఆయన చదువుకున్నవారు కదా, ఆయనకైనా చెబుదామని చూశాను. “పిల్లను ఊరికే అలా ఏడిపిస్తావేం? పక్కవాళ్లు ఏమనుకుంటారు?” అన్నారు.

సంత రోజు కనక వచ్చింది. కనక కొండమీది గూడెం మనిషి. సంతకు వచ్చినప్పుడల్లా మా పెరటి గుమ్మంలో కట్టెల మోపు దింపి, బదులుగా గంటె గింజలో, ఉప్పో తీసుకుపోయేది. వీపున చంటివాణ్ని కట్టుకుని ఉంటుంది. ఆ రోజు మోపు దింపి, గుమ్మంలో నన్నూ పాపనూ చూసింది.

“ఏటమ్మా, నీ గుంట అలగ గొంతు సించుకుంటాంది?”

“పాలు లేవే కనకా. ఎండిపోయాయి.”

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “నువ్వు నీలు తాగతన్నావా?” అంది.

అంతే అడిగింది. ఇంట్లో ఇద్దరు, వీధిలో ఇన్ని గడపలు, ఎవరూ ఆ మాట అడగలేదు.  కనక గుమ్మం మెట్టు మీద కూర్చుని చేతులు చాచింది. నేను పాపను ఇచ్చేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పాప గుటకలు వేయడం వినిపించింది. ఎన్నాళ్లకో విన్న ఆ చప్పుడుకు నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. దాహం వేసింది. సిగ్గు లేకుండా, నా కన్నబిడ్డను చూసి అసూయపడ్డాను.

ఇంతలో అత్త వచ్చింది. “ఓలమ్మో! ఎంత పని సేసినావే! కొండదాని పాలు పట్టిత్తావా నా కొడుకు బిడ్డకి? దింపే, దింపు!” అని అరిచింది.

కనక కదల్లేదు. “ఉండు ముసిలమ్మా, కడుపు నిండనీ” అంది. నిండాకే పాపను నా చేతికిచ్చి లేచింది. పోతూ ఉప్పు కూడా అడగలేదు.

ఆమె అటు వెళ్లిందో లేదో అత్త గంగాళం మీది చెక్క తీసింది. మైల కడగాలంది. నిద్రపోతున్న పాప మీద పోసింది. మెట్టు మీద పోసింది. కట్టెల మోపు ఆనిన గోడ మీద పోసింది. నా నెత్తిన పోసింది. తన నెత్తిన పోసుకుంది. ఇన్నాళ్లూ నేను తాగని నీళ్లు, నా బిడ్డ గుడ్డలకు అందని నీళ్లు పెరట్లో కాలవ కట్టి దానిమ్మ పాదులోకి పోయాయి. తడిసి నిలబడి నేనేం చేశానో తెలుసా? ముక్కు మీంచి పై పెదవి మీదికి కారుతున్న నీటిని నాలుకతో అందుకున్నాను.

మధ్యాహ్నం ఆయన హడావుడిగా వచ్చారు. “తాసిల్దారుగారు సాయంత్రం మన ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. వీధి పెద్దలనూ రమ్మన్నాను” అంటూ గంగాళం దగ్గరికి వెళ్లి చెక్క తీశారు. అడుగు కనబడింది.

జరిగింది అత్త చెప్పింది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. నా వైపు తిరిగారు. “అమ్మకేం తెలుసు? నీకుండొద్దూ బుద్ధి? ఊరంతా నన్ను చూసి నవ్వాలా? పో, గెడ్డలో గూడెంవాళ్ల ఊట ఉంది. ఒక బిందె పట్టుకురా. కనీసం అడుగైనా కనబడకుండా ఉంటుంది.”

“వాళ్ల పాలు మైలైతే, వాళ్ల నీళ్లు మైల కావా?” అన్నాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను.

“నీలకేటే మైల? ఇత్తడి బిందిలో పోత్తే సరి. బేగి ఎల్లు” అంది అత్త.

పాపను చంకనేసుకుని, బిందె తీసుకుని బయల్దేరాను. గెడ్డ ఇసకలో మోకాలి లోతు గుంట తవ్వి ఉంది. అడుగున నీరు ఊరుతోంది. చుట్టూ గూడెం ఆడవాళ్లు కుండలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో కనక కూడా ఉంది. కచేరీ వీధి మనిషినని నన్ను ముందుకు పొమ్మన్నారు. పోలేదు, వెనకే కూర్చున్నాను. ఒక్కో కుండ నిండటానికి చాలా సేపు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. ఎండ కాస్త వాలాక నా వంతు వచ్చింది.

గుంట పక్కనున్న సొరకాయ బుర్రతో ముంచి బిందెలో పోయబోయాను. చెయ్యి ఆగిపోయింది. ఆ బిందెడు నీళ్లు ఎవరూ తాగరు. గంగాళంలో పోస్తారు, చెక్క తీసి చూపిస్తారు, మళ్లీ మూస్తారు. బుర్ర నోటికి ఎత్తుకున్నాను. చల్లగా, ఇసక వాసనతో నీళ్లు గొంతు దిగి, ఎండిన చోటల్లా తడుపుకుంటూ కడుపులోకి పోవడం తెలుస్తూనే ఉంది. మళ్లీ ముంచాను, మళ్లీ తాగాను. ఊపిరాడక ఆగి, మళ్లీ తాగాను. పాప తొడల మీద మెల్లగా పోసి కడిగితే చల్లదనానికి అది కాళ్లాడించింది. తర్వాత లేచి కనకతో, “నీ కుండ పెట్టుకో” అన్నాను.

“నీ బిందో?”

“నాకు చాలు.”

ఇంటికొచ్చేసరికి అరుగు మీద తాసిల్దారుగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. వీధి పెద్దలు చుట్టూ నిలబడ్డారు. “మా ఇంటి ఆడవాళ్లకు నేను ఒక్క మాట చెప్పాను, అంతే. ఇష్టపూర్వకంగా తగ్గించుకున్నారు” అంటున్నారు మా ఆయన. నన్ను చూసి, “అదిగో, ఇంత ఎండలోనూ ఎలా వెళ్లి తెచ్చిందో చూడండి” అంటూ ఎదురొచ్చి, నా రెండో చంకలోని బిందె అందుకున్నారు. బరువుంటుందని రెండు చేతులూ పెట్టారు. బిందె తేలిగ్గా పైకి లేచింది.

“నీళ్లేవి?” అన్నారు, గొంతు తగ్గించి.

“తాగానండీ” అన్నాను. నేను గొంతు తగ్గించలేదు.

“ఏమిటీ?”

“నాకు కావలసినంత తాగాను. మిగతాది ఊటలోనే వదిలేసి వచ్చాను. నా వెనక ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. ఇష్టపూర్వకంగానే వదిలాను.”

 తాసిల్దారుగారు కుర్చీలో ముందుకు జరిగి, “ఇంట్లో తాగడానికి లేవా తల్లీ?” అని అడిగారు. “అబ్బే, అదేం లేదండీ. బాలింత, కాస్త మతి నిలకడ లేక…” అంటున్నారు మా ఆయన. నేను వాళ్ల మధ్యలోంచి లోపలికి వెళ్లి, గోడకు చేరబడి, పాపను రొమ్ముకు పెట్టుకున్నాను. ఒక్క రోజు తాగిన నీటికి పాలు రావు. వచ్చాయనిపించిందేమో, అది చాలాసేపు వదల్లేదు.

తర్వాత బావికి తాళమే వేశారు. ఇంటికింత అని కాపలావాడు కొలిచి పోసేవాడు. ఆ కొలతలో నా వంతు నేను ముందే వేరు కుండలో పోసి పెట్టుకునేదాన్ని. వానలు పడేలోగా నాకు పాలు వచ్చాయి. నిండుగా కాదు, పిల్ల బతికేటంత. గూడెంవాళ్ల ఊట దగ్గర తాగి నా కులం పోయిందని అత్త నా చేతి అన్నం కొన్నాళ్లు మానేసి, తనే వండుకుని, ఆ పొయ్యి పొగకు తాళలేక మళ్లీ నా చేతి వంటకే వచ్చింది.

ఆయన మాత్రం నాతో మాటలు మానేశారు. ఏం కావాలన్నా వాళ్లమ్మకు చెప్పేవారు, ఆమె నాకు చెప్పేది. మొదట్లో ఆయన అడుగుల చప్పుడు వింటేనే చేస్తున్న పని వదిలి లేచేదాన్ని. ఇవాళైనా మాట్లాడతారేమోనని గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. తర్వాత తర్వాత నిలబడటం మానేశాను. నీళ్లు తాగకపోతే మనిషి బతకదని లోకంలో అందరికీ తెలుసు. మొగుడు మాట్లాడకపోయినా బతుకుతుందని నాకు ఆ కరువులోనే తెలిసింది.