లేగదూడల పుస్తకానికి ముందుమాట

కాల్గరీలో ఆయిల్ కంపెనీ ఉద్యోగం నుంచి రిటైరైన యజ్ఞనారాయణగారికి పనిలేక పాండిత్యం పట్టుకుంది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన పక్కింటావిడ గొర్రెపిల్లను ‘యగ్న్యా’ అందట. ఇంకేముంది, అది మన యజ్ఞంలోంచే వెళ్లిందని తేల్చేశారు. దూడను ‘తెల్యా’ అంటారట, కాబట్టి అది మన తెలుపు. ఇలా స్లావు భాషల్లోని పశువుల పిల్లలన్నిటినీ గోదావరి ఒడ్డున పుట్టించి రెండువందల పేజీలు రాశారు. చివర ఇంగ్లీషులో సారాంశం కూడా తగిలించారు.

ముందుమాటకు మధుమిత దొరికింది. స్లావు భాషల మీద ఎమ్మే చేస్తున్న పిల్ల, పైగా ఆయన ఇంటి బేస్‌మెంట్‌లోనే అద్దెకుంటోంది.

“రెండు మంచి మాటలు రాయమ్మా, చాలు. మీ ప్రొఫెసర్‌కి కూడా ఒక కాపీ పంపిస్తా,” అన్నారాయన.

మధుమిత పుస్తకం అటూ ఇటూ తిరగేసింది. ఈ చెత్తలో తన పేరు చూస్తే ప్రొఫెసర్ మళ్లీ తన మొహం చూస్తాడా? అయినా పుస్తకమంతా చదివింది. గుర్రప్పిల్లను వాళ్లు పిలిచే ‘జెరెబ్యా’కు సంస్కృత ‘గర్భం’తో నిజంగానే చుట్టరికం ఉంది. ఆ ఒక్కటీ ఈ మహానుభావుడి కంట పడలేదు! ఒళ్లు మండి, ఇందులో ఒక్క వ్యుత్పత్తీ నిలవదని తెలుగులో నాలుగు పేజీలు రాసిచ్చింది. చదివితే ఆయనే పక్కన పడేస్తారని ధీమా.

చదివితే కదా! ముందుమాటంటే పొగడ్తే అనుకుని ఆయన నేరుగా ప్రెస్సుకు పంపేశారు.

ఆవిష్కరణ సభలో ముగ్గురు వక్తలు. ముగ్గురూ రిబ్బను విప్పినవారే గాని పేజీ తిప్పినవారు కారు.

“మధుమితగారి ముందుమాట ఈ గ్రంథానికే మకుటం!” అన్నారు అసోసియేషన్ ప్రెసిడెంట్ కోదండరామ్. హాలంతా చప్పట్లు.

మైకు ఆమె చేతికిచ్చారు. తను రాసిన మొదటి వాక్యం చదివితే చాలు. కాని ముందు వరసలో పట్టుపంచెతో యజ్ఞనారాయణగారు పెళ్లికొడుకులా కూర్చున్నారు.

“అంకుల్ చాలా కష్టపడి రాశారండీ,” అనేసి దిగిపోబోయింది. పట్టుకుని శాలువా కప్పారు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం ప్రొఫెసర్ పిలిచాడు. బల్లమీద అంకుల్ పంపిన పుస్తకం, ఇంగ్లీషు సారాంశం దగ్గర తెరిచి ఉంది. పక్కనే సభలో ఆమెకు శాలువా కప్పుతున్న ఫొటో.

“దీన్ని నువ్వు మెచ్చుకున్నావా?”

“లేదు సార్! ముందుమాటలో అంతా తప్పేనని రాశాను.”

“నాకు తెలుగు రాదు. సభలో అందరి ముందూ ఏమన్నావో, అది చెప్పు.”